డ్రమ్స్ రికార్డింగ్‌కు ఏడు మైకులు అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ల గురించి, ల్యాప్‌టాప్‌ల గురించి మన పత్రికల్లో వారంవారం రాస్తుంటారు కానీ, ఇంట్లో ఓ గదిని స్టూడియోగా మార్చుకుని పాటలు రికార్డ్ చేసుకునే పిల్లలకు పనికొచ్చే మాట ఎక్కడా కనబడటం లేదు, అందుకే ఈ ఉత్తరం. మా గుంటూరు వైపు చాలా చర్చిల్లో డ్రమ్ కిట్ ఉంటుంది. ఆదివారం ఆరాధనలో వాయించే కుర్రాళ్లే మిగతా రోజుల్లో పాటలు కట్టి యూట్యూబ్‌లో పెడుతున్నారు. తెలంగాణలో జానపద పాటలు చేసేవాళ్లలోనూ చాలామందిది చిన్న గదుల్లో పనే. గొంతు రికార్డ్ చేయడం వీళ్లందరికీ బాగానే వచ్చేసింది, ఒక మైకు, ఒక దుప్పటి ఉంటే పని నడుస్తుంది. డ్రమ్స్ దగ్గరికి వచ్చేసరికే టెన్షన్ మొదలవుతుంది. ఏ మైకు కొనాలి అని అడిగితే చాలాచోట్ల వచ్చే సమాధానం ఒక్కటే, ఏడు మైకులున్న పెట్టె. స్నేర్‌కు (చురుగ్గా టప్పుమనే డ్రమ్ము) ఒకటి, టామ్స్‌కు (వేర్వేరు స్వరాలతో మోగే డ్రమ్ములు) మూడు, కిక్‌కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) పెద్దది ఒకటి, పైన సింబల్స్‌కు (లోహపు పళ్లేలు) రెండు. చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఈఎమ్‌ఐలో కూడా వస్తుంది.

ఆ పెట్టె కొనవద్దని చెప్పడానికే రాస్తున్నాను. చిన్న గదిలో, చిన్న బడ్జెట్‌లో డ్రమ్స్ రికార్డ్ చేయాలంటే మంచి మైకులు రెండు చాలు, తర్వాత చేతిలో డబ్బులు ఆడితే నాలుగు. అంతకు మించి అక్కర్లేదు.

ముందు లెక్క చూడండి. ఏడు మైకులు పెట్టాలంటే ఏడు మైక్ ఇన్‌పుట్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌కు పంపే పరికరం) కావాలి. మన పిల్లల దగ్గర ఎక్కువగా ఉండేది స్కార్లెట్ 2ఐ2 లాంటిది, దానికి మైకులు పట్టేవి రెండే. అంటే మైకుల పెట్టె కొన్నాక ఎనిమిది ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్, ఏడు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు (మైకు తీగలు), స్టాండ్లు అన్నీ కొనాలి. వీటన్నిటికీ అయ్యే ఖర్చు మైకుల ఖర్చును దాటిపోతుంది, కొనేముందు ఆ సంగతి ఎవరూ చెప్పరు. పైగా ఒక్కో మైకుకు పడిన ధర తీసి చూస్తే, ఆ డబ్బుకు ఎలాంటి మైకు వస్తుందో అర్థమవుతుంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఇంకో చిక్కుంది, నా దృష్టిలో అసలు చిక్కు అదే. డ్రమ్ కిట్ మీద ఏ మైకూ తన ముందున్న డ్రమ్ము ఒక్కదాన్నే వినదు, అన్ని మైకులూ అన్నిటినీ వింటాయి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే ఒక అడుగు దాటడానికి ఇంచుమించు 0.9 మిల్లీసెకను. స్నేర్‌కు రెండు అంగుళాల దూరంలో ఉన్న మైకు ఆ దెబ్బను వెంటనే అందుకుంటుంది, మూడున్నర అడుగుల పైన ఉన్న మైకుకు అదే దెబ్బ దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఈ రెండింటినీ కలిపితే సుమారు 167 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ఒక మైకులోని తరంగం పైకి లేచినప్పుడు రెండోదానిది కిందికి దిగి రెండూ కొట్టేసుకుంటాయి. స్నేర్ శబ్దం నిండుగా వినిపించే భాగం ఉండేది ఆ చుట్టుపక్కలే. అందుకే విడివిడిగా వింటే బాగున్న ట్రాకులు అన్నీ కలిపేసరికి రేకు డబ్బా మీద కొట్టినట్టు తేలిపోతాయి. మైకులు పెరిగేకొద్దీ ఈ గొడవ పెరుగుతుంది. ఏళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు దీన్ని సరిచేసుకోగలడు, మొదటిసారి మైకు పట్టుకున్న పిల్లవాడు మాత్రం తన మైకులు బాగాలేవనుకుని ఇంకో ఖరీదైన మైకు కోసం వెతుకుతాడు.

రెండు ఇన్‌పుట్‌లే ఉన్నవాళ్లు ఇలా చేయండి. ఒక కండెన్సర్ మైకు కిట్‌కు పైన, ఒక డైనమిక్ మైకు కిక్ దగ్గర. కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే అందే కరెంటు) కావాలి, అది ఇంటర్‌ఫేస్‌లోనే బటన్ నొక్కితే వస్తుంది, డైనమిక్‌కు అక్కర్లేదు. సింబల్ చివర వచ్చే సన్నని మెరుపునూ కర్ర తగిలిన టక్కుమనే చప్పుడునూ కండెన్సర్ బాగా పట్టుకుంటుంది, డైనమిక్ మైకు పెద్ద దెబ్బలకు తొణకదు. పైన పెట్టే మైకు కొనేటప్పుడు అది ఎంత పెద్ద దెబ్బ వరకు శబ్దం పగిలి బర్రుమనకుండా పట్టుకుంటుందో డబ్బా మీద చూడండి, మ్యాక్సిమమ్ ఎస్‌పీఎల్ అని రాసి ఉంటుంది. ఆడియో టెక్నికా ఏటీ2020కి అది 144 డెసిబెల్స్, డ్రమ్స్ పైన పెట్టడానికి ఏ భయమూ లేదు. అంతకంటే తక్కువ ధరలో కావాలంటే బెరింగర్ సీ-2 లాంటి సన్న కండెన్సర్ల జత దొరుకుతుంది, శబ్దాన్ని 10 డెసిబెల్స్ తగ్గించే స్విచ్ కూడా వాటికి ఉంటుంది. నాకైతే ఇంత తక్కువ ధరలో డ్రమ్స్‌కు అంతకంటే ఉపయోగపడే జత కనబడలేదు. సింబల్స్ కాస్త గరుగ్గా వినిపిస్తాయి, అది మిక్స్‌లో సర్దుకోవచ్చు.

నాలుగు ఇన్‌పుట్‌లు ఉంటే (యూఎంసీ404హెచ్‌డీ లాంటి ఇంటర్‌ఫేస్‌కు నాలుగు మైకులు పడతాయి) గ్లిన్ జాన్స్ పద్ధతి నేర్చుకోండి. 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో పెద్ద పెద్ద రాక్ బ్యాండ్లను రికార్డ్ చేసిన ఇంజనీరు ఆయన, ఆ పద్ధతి ఆయన పేరుతోనే నిలిచిపోయింది. ఒక కండెన్సర్‌ను స్నేర్‌కు మూడు మూడున్నర అడుగుల ఎత్తున, కిందికి చూసేట్టు పెట్టాలి. రెండోదాన్ని ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద టామ్) పక్కన, దాని అంచుకంటే కొంచెం ఎత్తులో, స్నేర్ మీదుగా హై-హ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) వైపు చూసేట్టు పెట్టాలి. స్నేర్ నడిమధ్య నుంచి ఈ రెండు మైకులకూ దూరం సరిగ్గా ఒకటే ఉండాలి, ఇదే ఈ పద్ధతికి ప్రాణం. అందాజాగా పెట్టొద్దు, ఒక తాడు తీసుకుని స్నేర్ మధ్యలో పట్టుకుని రెండు మైకులకూ కొలవండి. అప్పుడు స్నేర్ దెబ్బ రెండింటికీ ఒకేసారి చేరుతుంది, పైన చెప్పిన కొట్టివేత ఆ రెంటి మధ్య ఉండదు. మిగిలిన రెండు మైకుల్లో ఒకటి స్నేర్‌కు, ఒకటి కిక్‌కు. టామ్స్‌కు విడిగా మైకులు లేవే అని బెంగ వద్దు, పైన ఉన్న రెండూ వాటిని చక్కగా పట్టుకుంటాయి.

స్నేర్‌కు ష్యూర్ ఎస్‌ఎం57. 1965లో వచ్చిన మైకు, ఇప్పటికీ ఖరీదైన స్టూడియోల్లో కూడా స్నేర్ ముందు అదే కనిపిస్తుంది. 10 వేల రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. కింద పడినా, దాని మీద కర్ర తగిలినా తొందరగా చెడిపోదు, రేపు గిటార్ యాంప్‌కు పనికొస్తుంది, గొంతుకూ పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను, ఈ మైకుకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి. మూడో వంతు ధరకే ఇస్తామని ఎవరైనా అంటే అనుమానించండి, అధీకృత డీలర్ దగ్గర బిల్లుతోనే తీసుకోండి. కిక్‌కు ఏకేజీ డీ112 లాంటి పెద్ద డైనమిక్ మైకు మంచిదే, కానీ మొదట్లోనే అది కొనితీరాలని లేదు. ఇంట్లో ఉన్న మామూలు డైనమిక్ మైకును కిక్ ముందరి స్కిన్‌కు (డ్రమ్ముకు బిగించిన పొర) ఉన్న రంధ్రంలోంచి కాస్త లోపలికి పెట్టి, డ్రమ్ము లోపల ఒక దిండు వేసి, ఈక్యూలో (శబ్దంలో ఏ భాగం ఎంత ఉండాలో సర్దే సాధనం) 300–400 హెర్ట్జ్ చుట్టూ కొంత కోస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

తక్కువ ధర అంటే అన్నీ ఒకటే కాదు. వెయ్యి రూపాయలకు స్టాండుతో సహా వచ్చే కండెన్సర్లు పాటకు ఎలాగోలా సరిపోతాయేమో కానీ డ్రమ్స్ ముందు వాటి శబ్దం పగిలిపోతుంది, ఆ పగిలిన శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. యూఎస్‌బీ మైకులు కూడా ఈ పనికి వద్దు, రెండు యూఎస్‌బీ మైకులను ఒకే టైమింగ్‌తో కలిపి నడపడం పెద్ద తలనొప్పి.

గది గురించి ఎంత చెప్పినా తక్కువే. మన ఇళ్లు స్లాబు, సిమెంటు గోడలు, కింద టైల్స్. ఇలాంటి పది పన్నెండు అడుగుల గదిలో స్నేర్ ఒక్క దెబ్బ కొడితే ఆరు వైపుల నుంచీ తిరిగి వస్తుంది, అందులో అన్నిటికంటే చెడ్డది పైకప్పు నుంచి వచ్చేది, ఎందుకంటే పైనున్న మైకులు దానికే దగ్గర. అందుకే మూడో మైకు కొనే డబ్బుతో ముందు కిట్ పైన కప్పుకు నాలుగు అంగుళాల మందం ఉన్న రాక్‌వూల్ (రాతి నార) పలక, గుడ్డ చుట్టి, గట్టిగా బిగించి వేలాడదీయండి. గోడల మూలల్లో పాత దూది పరుపులు నిలబెట్టండి, కింద మందపాటి కార్పెట్ వేయండి, అమ్మమ్మల కాలం బొంతలు ఇంట్లో ఉంటే అవి ఇంకా మంచివి. కోడిగుడ్ల అట్టలు అంటించడం మాత్రం మానేయండి, అవి శబ్దాన్ని పీల్చేది చాలా తక్కువ, గుమ్మనే కిందిస్థాయి శబ్దాన్ని అసలు ఆపవు, పక్కింటికి చప్పుడు పోకుండా కూడా ఆపలేవు. ఫ్యాన్ ఆపాలి, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి, జుయ్యిమనే హమ్ చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది.

ఇంకా ముందు చేయాల్సిన పని, డ్రమ్ముకు కొత్త స్కిన్ వేయించి ట్యూన్ చేయడం. చర్చి కిట్లలో ఏళ్ల తరబడి అవే స్కిన్‌లు ఉంటాయి, మధ్యలో గుంట పడి, టేపు అంటించి ఉంటాయి. అలాంటి స్నేర్ ముందు లక్ష రూపాయల మైకు పెట్టినా ఆ గుంట శబ్దమే వస్తుంది.

రికార్డ్ చేసేటప్పుడు అన్నిటికంటే గట్టి దెబ్బ కూడా మీటరులో మైనస్ 10, మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆగేట్టు గెయిన్ (ఇంటర్‌ఫేస్‌లో మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే బిరడా) పెట్టుకోండి. డ్రమ్మర్ ట్రయల్‌లో కొట్టినదానికంటే అసలు పాటలో గట్టిగా కొడతాడు, ఇది ప్రతి డ్రమ్మర్ విషయంలోనూ నిజం. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లో 24 బిట్ ఎంచుకుని రికార్డ్ చేస్తే లెవెల్ కాస్త తక్కువున్నా నష్టమేమీ లేదు. తర్వాత ట్రాకులన్నీ మోనోలో (అన్నీ ఒకే ఛానెల్‌లో కలిపి) విని, స్నేర్ మైకుకు పోలారిటీ తిప్పే (తరంగాన్ని తలకిందులు చేసే) బటన్ ఒకసారి నొక్కి చూడండి, ఎటు ఉంటే నిండుగా వినిపిస్తుందో అటు ఉంచేయండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఉండే ఈ బటన్‌కు రూపాయి ఖర్చు లేదు, చాలామంది దాన్ని ముట్టుకోరు.

ఇదంతా ఇంత పట్టుదలగా చెప్పడానికి నాకు ఇంకో కారణం ఉంది, డప్పు. ఈమధ్య పాటల్లో వినిపించే డప్పు చాలావరకు కంప్యూటర్‌లోంచి తీసిన శాంపిల్ (ముందే రికార్డ్ చేసి పెట్టిన శబ్దం ముక్క). ప్రతి దెబ్బా ఒకేలా ఉంటుంది, ఊళ్లో డప్పు విన్నవాడికి రెండు సెకన్లలో తెలిసిపోతుంది. అడిగితే డప్పు రికార్డ్ చేయడానికి తగిన మైకులు మా దగ్గర లేవంటారు. ఉన్నాయి! స్నేర్‌కు కొన్న ఆ ఎస్‌ఎం57నే డప్పు ముఖానికి రెండు మూడు అడుగుల దూరంలో, నడిమధ్యకు కాకుండా కొంచెం పక్కకు చూసేట్టు పెట్టండి. మరీ దగ్గర పెడితే గుమ్మనే కిందిస్థాయి పెరిగిపోయి, సిర్ర (లావు కర్ర) దెబ్బ కిందపడి చిటికెన పుల్ల (సన్న పుల్ల) చేసే సన్నని పని అంతా మునిగిపోతుంది. వీలైతే కండెన్సర్‌ను ఐదారు అడుగుల దూరంలో పెట్టి గదిలో మోగే శబ్దాన్ని కూడా పట్టుకోండి. రికార్డింగ్‌కు ముందు డప్పును మంట దగ్గర కాచుకోవడానికి కళాకారుడికి బయట చోటు, సమయం ఇవ్వండి, ఏసీ గదిలో తోలు చల్లబడి స్వరం దిగిపోతుంది, మధ్యలో మళ్లీ కాచాల్సి వస్తుంది. టేకుల మధ్య ఆ విరామం ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఇలా చేస్తే శాంపిల్ ప్యాక్‌కు పెట్టే డబ్బు ఊరి కళాకారుడి చేతికి వెళ్తుంది, పాటకు అతని చెయ్యి వస్తుంది.

సంపాదకులను కోరేది ఇది. ఈ విషయాలన్నీ ఇంగ్లిష్‌లో కుప్పలుగా ఉన్నాయి, అవి కూడా పెద్ద పెద్ద చెక్క గదులున్న దేశాల వాళ్లు వాళ్ల ఇళ్లను బట్టి రాసినవి. స్లాబు ఇళ్లలో, మన ధరల్లో, మన వాద్యాలకు ఏం చేయాలో తెలుగులో, బొమ్మలతో, అడుగుల్లో అంగుళాల్లో కొలతలతో ఒక శీర్షిక మీ యువత పేజీలో మొదలుపెట్టండి. ఢోలక్, తాషా, డోలు రికార్డ్ చేస్తున్న పాఠకులు ఏ మైకు ఎక్కడ పెడుతున్నారో కూడా రాయమని అడగండి. నాకు డోలు విషయంలో ఇంకా నేర్చుకోవాల్సింది ఉంది, రెండు వైపులా రెండు మైకులు పెట్టాలా, ముందు నుంచి ఒకటి చాలా అన్నది అనుభవం ఉన్నవాళ్లు చెబితే వినాలని ఉంది.

ఇట్లు,
ఇంట్లో చిన్న స్టూడియో నడుపుకునే ఒక డ్రమ్మర్,
తెనాలి