తప్పు మీ చేతిది కాదు, మా తీగది

మొన్న దసరా నుంచి సంక్రాంతి దాకా కరీంనగర్‌లో మా కార్ఖానాకు వచ్చి ఒక్కరోజు ఫిలిగ్రీ (వెండి తీగపని) క్లాసులో కూర్చున్న వాళ్లందరికీ ఇది రాస్తున్నాను. అంతకుముందే వచ్చి, అప్పటినుంచి మీ చుట్టాలనూ స్నేహితులనూ పంపిస్తున్న పాతవాళ్లూ చదవండి. ఆ మూడున్నర నెలలు మీ చేతికిచ్చిన తీగ మేం చెప్పిన వెండి కాదు. వందకు 97 పాళ్లు అని చెప్పాం. 81 ఉంది.

ఈ మాట ఇంకెవరి నోటి నుంచో మీ చెవిన పడకముందే నేనే చెప్పాలి.

ఆ రోజుల్లో వచ్చినవాళ్లు 64 మంది. వాళ్లలో 23 మంది పని చివరి మంట దగ్గర పాడైంది. ఆకు ఒంగిపోయింది, పువ్వు రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, కొందరిదైతే మొత్తం కరిగి ముద్దయింది. మామూలుగా అంతమందిలో ముగ్గురివో నలుగురివో పోతాయి. ఇన్ని పోతుంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. ప్రతిసారీ మీకే చెప్పాను: "మంట ఎక్కువసేపు నిలబెట్టారు, చెయ్యి కదలాలి" అని.

డిసెంబర్‌లో డల్లాస్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మతో వేములవాడ దర్శనం చేసుకుని, దారిలో మా దగ్గర ఆగింది. మామిడిపిందె లాకెట్టు చేస్తానంది. నాలుగు గంటలు తల ఎత్తకుండా కూర్చుని, వెంట్రుకంత తీగను పటకారుతో చుట్టలు చుట్టి, పిందె లోపల ఎక్కడా సందు లేకుండా నింపింది. మొదటిసారి కూర్చున్నవాళ్లలో అంత శుభ్రమైన పని నేను చూసి చాలా రోజులైంది. మంట పెట్టగానే పిందె నడుము కుంగిపోయింది. అప్పుడు నేనన్న మాట కూడా అదే, చెయ్యి తడబడిందమ్మా అని. "పర్లేదు అంకుల్, నాకు చేతిపని రాదు" అని ఆ ముద్దను రుమాల్లో కట్టుకుని వెళ్లిపోయింది. ఆ అమ్మాయి చేతిలో ఏ లోపమూ లేదు.

మా క్లాసుకు రానివాళ్ల కోసం ఇక్కడ కొంచెం విప్పి చెప్పాలి. ఫిలిగ్రీ అంటే తీగపని. లావు తీగతో బయటి గీత వంచుతాం. లోపల నింపేది సన్న తీగ. రెండు పోగులు కలిపి మెలిపెట్టి, రోలర్ల మధ్య చదును చేస్తే అంచు చిన్న చిన్న గింజలు పేర్చినట్టు కనిపిస్తుంది. దాన్ని చుట్టలుగా, ఆకులుగా చుట్టి గీత లోపల అమర్చాక, వెలిగారం నీళ్లు తడిపి, టంకం పొడి చల్లి మంట చూపిస్తాం. అప్పుడు టంకం కరిగి పారాలి, తీగ మాత్రం కదలకూడదు. పని నిలబడేదీ పోయేదీ ఈ రెంటి మధ్య ఉన్న ఎడంలోనే. అసలు వెండి 961 డిగ్రీల దాకా కరగదు. రాగి ఎక్కువగా కలిస్తే 780 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. మా టంకం పారేది దానికి కొంచెం కిందనే. అంటే మీకు నేను వదిలిన ఎడం గోరంత కూడా లేదు. బాలిలో చెలుక్ అనే వెండిపని ఊళ్లో ఇలాంటి క్లాసుకే వెళ్లి ఉంగరం చేసుకొచ్చామని మీలో కొందరు నాకు చూపించారు. ఉంగరం కడ్డీ దళసరిగా ఉంటుంది, మంట కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. వెంట్రుకంత తీగ తట్టుకోదు.

ఈ సంగతి బయటపెట్టింది, మేం కాక అని పిలిచే పెద్దాయన. మా బాపుతో కలిసి పనిచేసిన మనిషి, ఇప్పటికీ లోపలి గదిలో ఆర్డర్లు చేసేది ఆయనే. ఆయన తీగ ఆయనే తీసుకుంటాడు, బయటి తీగ ముట్టడు. సంక్రాంతి ముందు ఒక కుంకుమ భరిణె మూతకు తీగ చాలక క్లాసు పెట్టెలోంచి ఒక చుట్ట తీసుకున్నాడు. మూత కుంగింది. అన్నేళ్ల అనుభవమున్న చేతిలో పని కుంగితే చేతిని అనుమానించడానికి ఏముంది? ఏమీ అనకుండా ఆ చుట్టలోంచి జానెడు తెంపి ఎర్రగా కాల్చి చల్లార్చాడు. నల్లగా మారింది. నా ముందు పెట్టి "ఇది మన వెండి కాదురా" అన్నాడు. మర్నాడు హాల్‌మార్క్ సెంటర్‌కు తీసుకెళ్తే మెషీన్ 81 చూపించింది. పెట్టెలో మిగిలిన చుట్టలన్నీ అంతే.

కాల్చి చూడడం మా ఇంట్లో కొత్త పరీక్ష కాదు. మంచి వెండి కాల్చినా తెల్లగానే ఉంటుంది, రాగి ఎక్కువైతే నల్లబడుతుంది. బాపు ఉన్నన్నాళ్లు ఇంట్లోకి వచ్చిన ప్రతి వెండినీ అలా చూశాకే తూకం వేసేవాడు. నేను చూడలేదు. మీ పనులు మంటలో నల్లబడుతున్నా, యాసిడ్‌లో వేసి తీస్తే తెల్లబడతాయి కదా అని వదిలేశాను. ఆ తెలుపు పైపైదే. యాసిడ్ పైనున్న రాగిని తినేస్తుంది, లోపలిది అలాగే ఉంటుంది. అందుకే ఇంటికి వెళ్లేటప్పుడు మెరిసిన లాకెట్లు నెల తిరగకముందే మసకబారాయి. నలుగురైదుగురు ఫోటోలు పంపారు. వెండి గాలికి నల్లబడడం మామూలే, కుంకుడు రసంతో కడగండి అని జవాబిచ్చాను. వాళ్లకు విడిగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇక ఆ తీగ ఎక్కడిదంటే, బాపు కాలం నుంచి మాకు వెండి ఇస్తున్న ఒక వ్యాపారి దగ్గరిది. పేరు రాయను. బాపు పోయినప్పుడు మా ఇంటికొచ్చి, మట్టి అయ్యేదాకా మాతో ఉండి వెళ్లిన మనిషి. ముందు ఆయన దగ్గర ముడి వెండే కొనేవాళ్లం. మూసలో కరిగించి, కడ్డీ పోసి, కమ్మచ్చులో, అంటే వరస బెజ్జాలున్న పలకలో, ఒక్కో బెజ్జం మారుస్తూ తీగ లాగడం ఇంట్లోనే జరిగేది. రెండేళ్ల కింద క్లాసులకు జనం పెరిగాక, మెలిపెట్టిన తీగే రెడీగా ఇస్తానని ఆయన అన్నాడు, నేను సరేనన్నాను. కాకకు అప్పుడే నచ్చలేదు. మొదటి ఏడాదిన్నర తీగ బాగానే వచ్చింది. తర్వాత వెండి ధర ఎగిరింది. 2025 మొదట్లో కిలో లక్ష లోపు ఉన్నది డిసెంబర్‌లో 2 లక్షలు దాటింది. క్లాసు ఫీజు 2,500, అందులో మీకిచ్చే వెండి 8 గ్రాములు. 800 రూపాయలు కూడా కాని వెండి 1,600 అయింది. అయినా ఫీజు పెంచలేదు, వెండి తగ్గించలేదు. ఈ విషయం అందరికీ గర్వంగా చెప్పుకునేవాణ్ని. ఆ రోజుల్లోనే ఆయన తీగలో రాగి పెరుగుతోందని నాకు తెలియదు.

ఫోన్ చేస్తే కాదనలేదు. "గది క్లాసుకే గద తమ్మీ, నేర్సుకునేటోళ్లకేం ఎరుకైతది?" అన్నాడు. మనిషికి తగ్గింది గ్రామున్నర కూడా కాదని, రెండు వందల యాభై రూపాయలకు ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగాడు. లెక్క నిజమే. 8 గ్రాముల్లో వందకు 16 పాళ్లు అంటే 1.28 గ్రాములు, డిసెంబర్ ధరకు 256 రూపాయలు. కానీ "నేర్సుకునేటోళ్లు" అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. షోకేసులో పెట్టే అత్తరుదాన్‌కు ఒక వెండి, పిల్ల చేతికిచ్చే తీగకు ఇంకో వెండి అనే పద్ధతి మా ఇంట్లో లేదు. అసలు నేర్చుకునేవాళ్లకే మంచి తీగ కావాలి. కాక చెయ్యి చెడ్డ తీగను కొంతదాకా లొంగదీసుకోగలదేమో, మొదటిసారి పటకారు పట్టినవాళ్లకు అది ఎలా సాధ్యం? ఎలగందుల వైపు పుట్టిందని చెప్పుకునే పని ఇది. నిజాం కాలంలో పాన్‌దాన్లకు పేరు మోసింది, 2007లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. దాన్ని చూద్దామని అంత దూరం వచ్చినవాళ్లకు రాగి చుట్టి ఇచ్చామన్నది నాకు ఇంకా మింగుడుపడడం లేదు. తీగ మార్చి ఇస్తానన్నాడు, డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. డబ్బు తీసుకున్నాను. తీగ తీసుకోలేదు. బాపు ఉంటే సర్దుకుపోయేవాడని చుట్టాల్లో ఒకరిద్దరు అన్నారు. బాపు సర్దుకునేవాడు కాదు.

ఆ తర్వాత మూడు వారాలు క్లాసు మూసి పెట్టాను. పెళ్లిళ్ల ఆర్డర్లు ఉన్నాయేమో అని మీలో చాలామంది అనుకున్నారు. ఆ మూడు వారాలూ ఏం చేయాలో తేల్చుకోలేకపోయాను.

అందరూ చెప్పిన మొదటి దారి జర్మన్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకు మాత్రమే. చవక. చాలాచోట్ల నేర్పడానికి వాడతారు, చెప్పి వాడితే తప్పు కూడా కాదు. కానీ నికెల్ కొందరి ఒంటికి పడదు. పైగా చేత్తో చేసిన మొదటి నగ వెండిది కావాలనే కదా మీరు వచ్చేది. వద్దనుకున్నాను. రెండో దారి, ఫిలిగ్రీ మానేసి ఉంగరాల క్లాసు పెట్టడం. రెండు మూడు గంటల పని, అందరూ నవ్వుతూ వెళ్తారు. అది ఎక్కడైనా నేర్చుకోవచ్చు, కరీంనగర్ దాకా రావడం దేనికి?

మిగిలింది తీగ మేమే తీసుకోవడం. అక్కడే చిక్కుకుపోయాను. తీగ తీయాలంటే సమయం కావాలి. నాలుగైదు బెజ్జాలు దాటేసరికి తీగ గట్టిపడుతుంది. మళ్లీ కాల్చి మెత్తబరచాలి, మళ్లీ లాగాలి. 64 మందికి సరిపడా తీగ కాక ఒక్కడూ తీయలేడు, ఆయన భుజం ఇప్పటికే నొప్పి. నేను తీస్తే క్లాసు చెప్పలేను. ఎవరి తీగ వాళ్లే తీసుకోవాలంటే క్లాసు ఒక్కరోజులో అయ్యే పని కాదు. మా ఇంటామె లెక్కల పుస్తకం ముందు పెట్టింది. పోయిన ఏడాది వచ్చినవాళ్లలో ప్రతి పదిమందిలో ఏడుగురు ఇక్కడ రాత్రి ఉండలేదు. పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి, వేములవాడో కొండగట్టో చూసుకుని, మా దగ్గర కూర్చుని, చీకటి పడేలోగా తిరిగి బండెక్కినవాళ్లే. "రెండు రోజులంటే వీళ్లెవరూ రారు" అంది. ఆమె ఎన్నడూ లెక్క తప్పలేదు.

అయినా రెండు రోజులే అనుకున్నాను. చాలా రాత్రులు అటూ ఇటూ ఊగాను, ఒకసారైతే పాత పద్ధతిలోనే ఒక్కరోజు క్లాసు మొదలవుతోందని మెసేజ్ రాసి కూడా పంపకుండా తుడిచేశాను. చివరికి నన్ను ఇటు లాగింది బాపు కమ్మచ్చు. అటక మీద నుంచి దింపి, నూనె పెట్టి, తుప్పు దులిపి కాకకు ఇచ్చాను. కడ్డీ లాగుతుంటే పక్కన కూర్చుని చూశాను. చిటికెన వేలంత లావున్నది ఒక్కో బెజ్జం దాటుతూ సాయంత్రానికి దారమంత అయింది. ఇంత దగ్గర కూర్చుని చూసి నాకే చాలా ఏళ్లయింది. మీకు రెండేళ్లుగా చూపించకుండా దాచింది ఈ పనినే. సగం పని బజార్లో కొని, మిగతా సగాన్ని క్లాసు అని అమ్మాను.

కాబట్టి ఫిబ్రవరి నుంచి క్లాసు రెండు రోజులు, శని, ఆదివారాలు. విడతకు నలుగురే. మొదటి రోజు కరిగించడం, కమ్మచ్చు, మెలి. రెండో రోజు చుట్టడం, టంకం. ఫీజు 3,000, వెండి ఆ రోజు ధరకు మీ ముందే తూకం వేసి విడిగా తీసుకుంటాం. కొత్తగా వచ్చిన ప్రతి ముడి వెండికీ సెంటర్‌లో పరీక్ష చేయించి ఆ చీటీ గోడకు అంటిస్తాం. అది చాలదనుకుంటే జానెడు తీగ మీరే కాల్చి చూసుకోండి. వెండికి హాల్‌మార్క్ ఇంకా తప్పనిసరి కాదు. 2025 సెప్టెంబర్ నుంచి హాల్‌మార్క్ వేయించుకున్న వెండి నగలకు బంగారంలాగే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు విడిగా ఉండే కోడ్, వస్తోంది. ఫిలిగ్రీలో ఆ కోడ్ వేయడానికి చదునైన చోటే దొరకదు కాబట్టి ముడి వెండి దగ్గరే చూసుకోవడం మాకున్న దారి.

దసరా, సంక్రాంతి మధ్య వచ్చినవాళ్లకు: మీ దగ్గరున్నది ఒంటికి హాని చేసేది కాదు, మెషీన్ చీటీలో వెండి, రాగి తప్ప నికెల్ గానీ కాడ్మియం గానీ లేవు. తెచ్చిస్తే 8 గ్రాములకూ 97 పాళ్ల తీగ ఇస్తాం, కొత్త క్లాసులో ఫీజు లేకుండా కూర్చోవచ్చు. చేత్తో చేసుకున్నది ఇవ్వడానికి మనసొప్పకపోతే ఉంచుకోండి. నిజామాబాద్ టీచరమ్మ ఒకరు అప్పుడే "నా జుంకాలు నేనియ్య" అన్నారు. అలాంటివాళ్లకు తగ్గిన వెండికి గ్రామున్నర లెక్క కట్టి పంపుతున్నాం. రెండు రోజులు ఉండలేనివాళ్లకు మొత్తం ఫీజు వాపసు. ఇందులో బేరం లేదు, గడువు లేదు.

డల్లాస్ అమ్మాయికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ ముద్ద ఇంకా తన బల్ల మీదే ఉందంది. పారేయవద్దన్నాను. డిసెంబర్‌లో వస్తానంది. వచ్చేటప్పుడు తీసుకురమ్మన్నాను, శుద్ధి చేయించి ఆ వెండితోనే తీగ లాగిస్తాను, పిందె మళ్లీ చుట్టుకుంటుంది. కాక పక్కన ఆమెకు ఒక పీట రాసి పెట్టాను.

ఫోన్ పొద్దున పది తర్వాత చేయండి. ఎత్తకపోతే మంట దగ్గర ఉన్నానని అర్థం, సాయంత్రం నేనే చేస్తాను.