మెలకువ రావడం వేరు, లేవడం వేరు

సంపాదకులకు నమస్కారం.

పోయిన శనివారం మీ విద్యార్థుల పేజీలో ఇంగ్లీషు క్రియల పట్టిక ఒకటి వేశారు. అందులో వేక్, అవేక్, వేకెన్, అవేకెన్, ఆఖరికి గెట్ అప్ కూడా, అన్నిటికీ ఎదురుగా ‘నిద్ర లేచు’ అని ఒకే అర్థం ఇచ్చారు. నరసరావుపేట చుట్టుపక్కల జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయినదాన్ని. ఆ ఒక్క మాట ఎంత చేటు చేస్తుందో నాకు బడిలో కంటే ఆసుపత్రిలో బాగా తెలిసింది.

నాలుగేళ్ల కిందట మా వారికి బెంగళూరులో వెన్నుపూస ఆపరేషన్ అయింది. రాత్రి నేను మందుల కోసం కిందికి దిగాను. మా తమ్ముడి కొడుకు మంచం దగ్గర ఉన్నాడు. డిగ్రీ చదివినవాడే. కేరళ నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి ‘హాజ్ హి వోకెన్ అప్?’ అని అడిగిందట. వాడు ‘నో సిస్టర్, డాక్టర్ సెడ్ హి షుడ్ నాట్ వేక్ అప్ ఫర్ టూ డేస్’ అన్నాడు. రెండు రోజుల దాకా మంచం మీంచి లేవకూడదన్నారని వాడి ఉద్దేశం. ఆవిడకు మాత్రం మత్తు దిగలేదని, రెండు రోజులు దిగదని వినబడింది. నేను పైకి వచ్చేసరికి ఇద్దరు నర్సులు, ఓ జూనియర్ డాక్టరు మంచం చుట్టూ ఉన్నారు, కళ్లలోకి టార్చి వేస్తున్నారు. ఆయనేమో మంచినీళ్లడుగుతున్నారు. నిజంగానే మత్తు దిగని రాత్రి ఎవరైనా దీనికి తిరగబడ్డ జవాబు చెబితే ఏమవుతుందోనని నాకు ఇప్పటికీ గుబులే.

వాడి తప్పేం లేదు. బడిలో మేం నేర్పిందే అప్పజెప్పాడు. వేక్ అప్ అంటే మెలకువ రావడం. గెట్ అప్ అంటే పక్క మీంచి లేవడం. ఈ తేడా తెలుగులో లేనిదా? ‘నాలుగింటికే మెలకువ వచ్చింది, ఆరింటిదాకా లేవలేదు’ అని ఏ ఇంట్లో అనరు? పిల్లలకు ఈ వాక్యం చెప్పి, మొదటి సగానికి ‘ఐ వోక్ అప్’, రెండో సగానికి ‘ఐ డిడ్ నాట్ గెట్ అప్’ అంటే అక్కడితో అయిపోతుంది. మనకు మెలకువ వస్తుంది, ఇంగ్లీషువాడు తనే వేక్ అవుతాడు. అందుకే మన పిల్లలు ‘ఐ గాట్ వేక్’ అని రాస్తారు. మేలుకోవడానికి, మేల్కొలపడానికి మనకు రెండు మాటలున్నాయి, వాళ్లకు వేక్ ఒక్కటే చాలు. ‘ఐ వోక్ ఎట్ ఫోర్, ఐ వోక్ హిమ్ ఎట్ సిక్స్.’ అప్ చేర్చితే మాత్రం హిమ్ మధ్యలోకి రావాలి: ‘వేక్ హిమ్ అప్’. ‘వేక్ అప్ హిమ్’ తప్పు.

అవేక్ సంగతి ఇంకొకటి. రోజువారీ మాటల్లో అది క్రియ కాదు, మేలుకొని ఉన్న స్థితి. ‘ఆర్ యూ అవేక్?’ అంటే మేలుకునే ఉన్నావా అని. క్రియగా వాడితే దానికో గాంభీర్యం వస్తుంది. 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ గారు ‘ఇండియా విల్ అవేక్ టు లైఫ్ అండ్ ఫ్రీడమ్’ అన్నారు. అక్కడ వేక్ అప్ పెట్టి చదివి చూడండి, వాక్యం చప్పబడిపోతుంది. అదే మాటను మన పిల్లాడు ‘ఐ అవోక్ ఎట్ సిక్స్ అండ్ బ్రష్డ్ మై టీత్’ అని రాస్తే, ఆరింటికి జాగృతుడనై పళ్లు తోముకుంటిని అన్నట్టుంటుంది. అవేకెన్‌ను ఎక్కువగా ఆశలు, అనుమానాలు మేల్కొలపడానికి వాడతారు. వేకెన్ గురించి హైస్కూలు పిల్లలు బెంగపడక్కర్లేదు.

ఇన్ని రూపాలెందుకని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో వాకన్, వాకియన్ అని రెండు క్రియలుండేవి. మొదటిది మెలకువ రావడం, రెండోది మేలుకొని ఉండటం, కాపు కాయడం. రెండూ కలిసిపోయి వేక్ అయింది. వోక్ మొదటిదాని వారసత్వం, పాత పుస్తకాల్లో కనబడే వేక్డ్ రెండోదానిది. ఆ రెండో అర్థమే ఐర్లండులో శవం దగ్గర రాత్రంతా మేలుకొని కూర్చోవడాన్ని వేక్ అనడంలో మిగిలింది. ఇంగ్లండు పల్లెల్లో చర్చి పండుగ ముందు రాత్రి చేసే జాగారాన్నీ వేక్ అనే అనేవారు. పోను పోను జాగారం వెనక్కి పోయి సంత, ఆటపాటలు ముందుకొచ్చాయి. లాంకషైర్ బట్టల మిల్లుల ఊళ్లలో ఒకప్పుడు వేక్స్ వీక్ అంటే మిల్లులు మూసేసే వారం, కార్మికులు కుటుంబాలతో బ్లాక్‌పూల్ సముద్రతీరానికి వెళ్లే వారం. శివరాత్రి జాగారమూ ప్రభల తిరునాళ్లా ఒక్కటిగా చూసే మా కోటప్పకొండ పిల్లలకు ఇది చెప్పి చూశాను. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మరో మాట. పత్రికల్లో ‘నేపథ్యంలో’ అని రాసేటప్పుడు చాలాసార్లు వెనక ఉండేది ‘ఇన్ ద వేక్ ఆఫ్’. ఆ వేక్‌కూ నిద్రకూ చుట్టరికం లేదు. అది ఓడ వెళ్లాక నీటి మీద మిగిలే జాడ. మీ పట్టికలో దాన్నీ ఈ మాట కిందే చేర్చారు.

నా కోరిక చిన్నది. ఆ పట్టికను సరిదిద్ది మళ్లీ వేయండి. ప్రతి మాట పక్కన అర్థానికి బదులు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వాక్యం ఒకటి ఇవ్వండి. మా వీధి పిల్లలు ఆరుగురు సాయంత్రం నా దగ్గరికొస్తారు. పోయిన వారం పట్టికను కత్తిరించి నోటు పుస్తకాల్లో అతికించుకున్నారు. కొత్తది రాగానే దాని మీదే అతికించమంటాను.

— ఒక విశ్రాంత ఆంగ్ల ఉపాధ్యాయురాలు, నరసరావుపేట