జోనా లోముపై తప్పులు: సవరణ ఎప్పుడు?

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ క్రీడా పేజీలో రగ్బీ ఆటగాడు జోనా లోము గురించి వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని రోజూ పత్రిక తిరగేసి, ఇక వేయరని తేలిపోయాక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన 1995లో న్యూజిలాండ్‌కు ప్రపంచకప్ తెచ్చిపెట్టాడని, వెంటనే కిడ్నీ జబ్బుతో ఆట మానేశాడని రాశారు. రెండూ తప్పే. ఆ ఫైనల్‌ను అదనపు సమయంలో 15-12తో గెలిచింది దక్షిణాఫ్రికా. సెమీఫైనల్‌లో ఇంగ్లాండ్ ఆటగాడు మైక్ క్యాట్‌ను తొక్కుకుంటూ వెళ్లి, ఆ జట్టుపై నాలుగు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకించడం) సాధించిన ఆ మనిషికి దక్షిణాఫ్రికాపై మాత్రం ఏ టెస్టులోనూ ఒక్క ట్రై దక్కలేదు; ప్రపంచకప్ ఏనాడూ చేతికి అందలేదు.

రెండో తప్పును నేను క్షమించలేను. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే ఆయన కిడ్నీ జబ్బు 1995 చివర్లోనే బయటపడింది. 1998 కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) స్వర్ణం, 1999 ప్రపంచకప్‌లో ఎనిమిది ట్రైలు ఆ జబ్బు ఒంట్లో ఉండగా సాధించినవే. మొత్తం 63 టెస్టుల్లో చేసిన 37 ట్రైలలో సగానికి పైగా జబ్బు బయటపడ్డాక చేసినవే. 2003లో డయాలసిస్ మొదలై, 2004లో గ్రాంట్ కెరీమా అనే రేడియో వ్యాఖ్యాత దానమిచ్చిన కిడ్నీ అమర్చాక, వేల్స్‌లోని కార్డిఫ్ జట్టు తరఫున మళ్లీ మైదానంలో దిగాడు. 2011లో అదీ చెడిపోయింది. 2015 నవంబరులో, 40 ఏళ్లకే కన్నుమూశాడు. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లొచ్చే మా తమ్ముడు ఆ సాయంత్రాలు గోడ పట్టుకుని గాని గడప దాటలేడు కనుక, ‘జబ్బుతో మానేశాడు’ అన్న మాట మా ఇంట్లో గుచ్చుకుంది.

ఇవి చాలవన్నట్టు, పక్కన వేసిన ఫొటోలో ఉన్నది ఇనుప చువ్వల హెల్మెట్ పెట్టుకున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. క్రికెటర్ క్షవరం చేయించుకుంటే ముందూ వెనకా ఫొటోలు వేసే పేజీలో మిగతా ఆటలన్నీ ఖాళీ పూడ్చడానికే పనికొస్తాయి కాబోలు. అచ్చుకు ముందు చదివి దిద్దే మనిషి ఒకప్పుడు ప్రతి పత్రికలోనూ ఉండేవాడు. ఇప్పుడా కుర్చీ ఉందో లేదో తెలియదు. కార్యాలయానికి ఫోన్ చేస్తే, “రగ్బీ ఎవరు చదువుతారండీ?” అని ఎదురు ప్రశ్న వేశారు. నేను చదివాను. సవరణకు రెండంగుళాల చోటు సరిపోతుంది. మొన్న ఆదివారం అదే పేజీలో అంతకు నాలుగింతల జాగాలో మీ పత్రిక గురించి మీరే ప్రకటన వేసుకున్నారు.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా