పద్దెనిమిదో పుస్తకం వచ్చేలోపు

హైదరాబాద్,
16 నవంబరు 2025

చి. మేఘనకు అమ్మ ఆశీస్సులు.

జిమ్ బుచర్ రాసే షికాగో మాంత్రికుడి నవలలు డ్రెస్డెన్ ఫైల్స్‌లో పద్దెనిమిదో నవల "ట్వెల్వ్ మంత్స్" జనవరి 20న వస్తోందనీ, ఈలోగా మొదటి నుంచీ పదిహేడూ మళ్ళీ చదివేస్తాననీ రాశావు. వద్దు తల్లీ. ఉన్నవి 65 రోజులు. డిసెంబరు పరీక్షలకి పదిహేను తీసేస్తే యాభై. అన్నీ చదువుదామని కూర్చున్నవాళ్ళు ఆరో పుస్తకం దగ్గరో ఏడో పుస్తకం దగ్గరో ఆగిపోతారు. కొత్త నవలకి గుర్తుండాల్సిన సంగతులు ఎక్కువగా ఉన్నదేమో పన్నెండు తర్వాత. అక్కడికి చేరేలోపే ఓపికా అయిపోతుంది, రోజులూ అయిపోతాయి.

ఎనిమిది చాలు: 3, 6, 9, 12, 14, 15, 16, 17. అచ్చును బట్టి కాస్త అటూ ఇటూగా 3,300 పేజీలు, అంటే రోజుకు 66. "స్టార్మ్ ఫ్రంట్", "ఫూల్ మూన్" జిమ్ బుచర్ చెయ్యి ఇంకా తిరగనప్పటివి, వాటిని ధైర్యంగా వదిలెయ్. మూడోది "గ్రేవ్ పెరిల్"లో యుద్ధానికి విత్తనం పడింది. ఆరు, తొమ్మిది ఎందుకంటే కొత్త కథలో వైట్ కోర్టు అనే రక్తపిశాచుల వంశంతో వ్యవహారం పెద్దది, ఆ ఇంటి లోగుట్టంతా "బ్లడ్ రైట్స్", "వైట్ నైట్"లలోనే ఉంది. పదమూడు వదలమంటే నీకు కోపం వస్తుందని తెలుసు. రోజులు మిగిలితే చదువుకో, ముందే పెట్టుకోకు. ఇంతకుమించి కథ లోపలికి వెళ్ళను. ఈ కాగితం ఫొటో తీసి నీకు పంపేది తమ్ముడు, వాడు ఏడోది మొన్ననే ముగించాడు.

ఎక్కువమంది పొరపాటు చేసేది చిన్న కథల దగ్గర. చిన్న కథలే కదా, ఎప్పుడు చదివితే ఏముంది అనుకుని "సైడ్ జాబ్స్" సంపుటి ముందే తెరుస్తారు. అందులో ఆఖరి కథ "ఆఫ్టర్‌మాత్" పన్నెండో నవల "చేంజెస్" ముగిసిన కొద్ది గంటల్లోనే మొదలవుతుంది. అది ముందు చదివితే ఆ నవల ముగింపు నీళ్ళపాలే. పన్నెండు మూసి ఆ కథ తెరువు. "బ్రీఫ్ కేసెస్"లో "బాంబ్‌షెల్స్" పద్నాలుగుకి ముందు, "కోల్డ్ కేస్" పద్నాలుగు అయ్యాక. "డే వన్", "జూ డే" పదిహేనుకీ పదహారుకీ మధ్య. "క్రిస్మస్ ఈవ్" కోసం వెతకకు, పదిహేడో పుస్తకం చివర్లోనే అచ్చేశారు. అన్నిటికంటే ఆఖరున 2022లో వచ్చిన చిన్న నవల "ద లా". అది "బ్యాటిల్ గ్రౌండ్" తర్వాతి కథ, చాలామంది దగ్గర ఉండనే ఉండదు.

పదహారు, పదిహేడుల మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ ఇవ్వకు. పదిహేను 2014 మేలో వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్ళు కొత్త నవల ఏదీ లేదు. చివరికి రాసిందేమో మరీ పెద్దదైపోతే రెండు ముక్కలు చేశారు: "పీస్ టాక్స్" 2020 జులై 14న, "బ్యాటిల్ గ్రౌండ్" సెప్టెంబరు 29న. సరిగ్గా పదకొండు వారాల తేడా. "పీస్ టాక్స్" పలచగా ఉంది, సగంలో తెగిపోయింది అని తిట్టినవాళ్ళు తిట్టింది కథని కాదు, కత్తెర పడిన చోటుని. రెండూ కలిపి ఒకే నవల అనుకుని చదివితే ఆ వెలితి చాలావరకు కనబడదు.

రైల్లో ఆడియో పుస్తకం వినేటట్టయితే చదివినవాళ్ళ పేరు చూసి తీసుకో. నవలలకి గొంతు జేమ్స్ మార్‌స్టర్స్‌ది. "ఘోస్ట్ స్టోరీ" ఒక్కటి మొదట జాన్ గ్లోవర్ చదివాడు, తర్వాత మార్‌స్టర్స్ మళ్ళీ చదివాడు. పాత రికార్డింగు చేతికొస్తే కథానాయకుడి గొంతు హఠాత్తుగా మారిపోయి చికాకు పుడుతుంది. "ద లా" చదివింది రచయితే, అది విని కంగారుపడకు. షికాగో పబ్లిక్ లైబ్రరీ కార్డు నీ దగ్గర ఉంటే లిబ్బీ యాప్‌లో కొత్త పుస్తకానికి ఇప్పుడే వరసలో నిలబడు. విడుదల రోజున పేరు రాయించుకుంటే వేసవికి చేతికొస్తుంది.

అమెరికాలో కొత్త పుస్తకాలు సాధారణంగా మంగళవారం వస్తాయి, జనవరి 20 కూడా మంగళవారమే. కిండిల్ ప్రతి మామూలుగా తూర్పు తీరం అర్ధరాత్రికి తెరుచుకుంటుంది, అంటే మీకు 19వ తేదీ రాత్రి 11 గంటలకి. అసలు బెడద అంతకుముందే మొదలవుతుంది. సమీక్షకులకి ముందస్తు ప్రతులు వెళ్తాయి కాబట్టి గుట్టు డిసెంబరుకే బయటపడొచ్చు. పుస్తకం పేరు, ముఖ్యపాత్రల పేర్లు ఫోనులో మ్యూట్ చేసుకో. గట్టి అట్ట ప్రతి కొంటే ముఖచిత్రం మీద టోపీ చూసి నవ్వుకో. కథలో కథానాయకుడు టోపీ పెట్టుకోడని తెలిసినా అమెరికా ముద్రణలో బొమ్మ మీద ఆ టోపీ పోదు.

ఇక ఊహాగానాల సంగతి. రచయిత సభల్లో చెప్పిన జవాబుల్ని అభిమానులు "వర్డ్ ఆఫ్ జిమ్" అని పోగుచేసి వాటి మీద మేడలు కడతారు. ఎవరైనా అలాంటిది చూపిస్తే ముందు ఏ సంవత్సరం మాటో అడుగు. పదిహేనేళ్ళ కిందటి జవాబుకి ఈనాటి ప్రణాళికతో పొత్తు ఉండకపోవచ్చు, అదీకాక ఆయన సగం జవాబులు వేళాకోళంగా దాటేస్తాడు. ఇరవై పైచిలుకు నవలలు, చివర మూడు నవలల ముగింపు అన్న మాటలో మాత్రం పెద్ద మార్పు లేదు. తేదీలైతే ప్రచురణకర్త ప్రకటించేదాకా ఏదీ నమ్మకు.

పరీక్షలయ్యాక ఒక పూట ఫీల్డ్ మ్యూజియంకి వెళ్ళిరా. ఏడో పుస్తకంలోని సూ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడే ఉంది. నవల గుర్తుపెట్టుకుని పెద్ద హాల్లో వెతికితే మాత్రం దొరకదు. 2018లో రెండో అంతస్తులో సొంత గదికి మార్చారు, హాల్లో ఇప్పుడు నిలబడింది మాక్సిమో అనే వేరే డైనోసార్. సూ అసలు తల బరువెక్కువని విడిగా అద్దాల పెట్టెలో పెట్టారు, అది చూడకుండా రాకు. ఫొటో తీస్తే తమ్ముడికి పంపు. ఏడు అయిపోయింది కాబట్టి వాడికి ఇప్పుడు చూపించవచ్చు.

20వ తేదీ ఫోన్ చేస్తే ముందు నాకే చెయ్. వాడు ఎత్తితే మటుకు చలి ఎలా ఉందో చెప్పి పెట్టెయ్.

అమ్మ