చీమతో చేపను పట్టడం గురించి నాన్నగారికి

కార్లైల్, పెన్సిల్వేనియా
సెప్టెంబర్ మొదటి వారం

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది, అందులో రాయడానికి ఏమీ లేదు. మీరు కంటి పరీక్ష మళ్లీ వాయిదా వేశారని చెల్లి చెప్పింది. మొదటి కన్ను బాగుంది కదా అని రెండోదాన్ని అలా వదిలేయకండి.

మొన్న ఫోనులో "చీమతో చేపను పడతావా?" అని మీరు నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఫోనులో సగం మాటలు తెగిపోతాయి కాబట్టి తీరికగా రాస్తున్నాను.

అమ్మ భయం ముందు తీరుస్తాను. నేను నీళ్లలోకి దిగను. లెటార్ట్ వాగు అడుగంతా మెత్తటి బురద, అందుకే ఇక్కడ చాలామంది గట్టు మీద నుంచే గాలం వేస్తారు. వాగు ఊరి మధ్యలో నుంచే పోతుంది, అడవీ కాదు, కొండా కాదు. సున్నపురాతి ఊటల నీరు కాబట్టి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. ట్రౌట్ చేపకు ఆ చల్లదనమే ప్రాణం. నీళ్లు ఇరవై డిగ్రీలు దాటితే దానికి ఊపిరి ఆడదు. అలాంటి రోజుల్లో వేరే ఏరుల దగ్గర పట్టడం మానేస్తారు.

ఇక చీమ సంగతి. బతికున్న చీమను గుచ్చడం కాదు నాన్నగారూ, గాలం మీద చీమను కడతాము. బల్ల అంచుకు బిగించే చిన్న వైసు ఒకటి ఉంటుంది. దాని దవడల మధ్య పదహారో నంబరు గాలం పెడతాను. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఇరవయ్యో నంబరు పట్టుకోవాలంటే నాకే భూతద్దం కావాలి, మీరైతే ఆ రెండో కన్ను బాగుచేయించుకోవాల్సిందే.

నల్ల దారం చుట్టుకుంటూ గాలం వంపు దాకా వెళ్లాలి. నల్లటి బొచ్చును చిటికెడంటే చిటికెడు తీసుకుని, వేళ్ల మధ్య దారానికి మెలిపెట్టి చుడితే వెనక ఒక ఉండ తయారవుతుంది. అది చీమ పొట్ట. తర్వాత కొంచెం మేర ఖాళీగా వదిలేసి అక్కడ కోడిపుంజు మెడ ఈకను రెండు మూడు చుట్లు తిప్పాలి, అవి కాళ్లు. దానికి ముందు ఇంకో ఉండ, మొదటిదానికంటే చిన్నది. చివర ముడి వేసి, ముడి మీద ఒక బొట్టు లక్క పూస్తే అయిపోయింది. ఇక్కడ ఈకల కోసమే ప్రత్యేకంగా పుంజులను పెంచుతారంటే మీరు నమ్మరు.

కొత్తవాళ్లు ఉండలు అందంగా చుడతారు కానీ నడుము పూడ్చేస్తారు. చేప కింద నుంచి చూస్తుంది, దానికి కనబడేది వెలుతురులో నల్లటి ఆకారం మాత్రమే. రెండు ఉండల మధ్య సన్నటి నడుము ఉంటేనే అది చీమ, లేకపోతే నలుసు. కాళ్ల ఈకను కూడా అడుగున కత్తిరించేస్తాను. కొన్ని పురుగులు నీటి మీద కాళ్లూని నిలబడతాయి, చీమ అలా కాదు. పడిందంటే సగం మునిగి, నిస్సహాయంగా కొట్టుకుపోతుంది. మనం కట్టినదీ అలాగే పోవాలి. పూర్తిగా మునిగే రకాన్ని గట్టి లక్క పూతతో కడతారు. బాల్సా చెక్క ముక్కలు రెండింటితో చేసే మెక్‌మరీ చీమ అని ఇంకొకటుంది. ఈ రాష్ట్రంలోని ఊరి పేరే దానికి పెట్టారు. యూటా రాష్ట్రంలో గ్రీన్ నది మీద పుట్టిన చెర్నోబిల్ చీమ అనేది కూడా ఉంది. నురుగు స్పాంజి ముక్కకు రబ్బరు కాళ్లు తగిలించిన ఆ వస్తువును చూస్తే ఏ చీమా తన బంధువని ఒప్పుకోదు. చేపలు మాత్రం మింగుతాయి!

చెల్లి పరీక్ష ఫీజు పంపాను, అందిందో లేదో ఎవరూ చెప్పలేదు.

మీ వెదురు గాలానికీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. అక్కడ ఎర బరువుగా ఉండి దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ చీమకు బరువే లేదు, బరువంతా లావుపాటి దారానిది, అది చీమను మోసుకుపోతుంది. చీమ దగ్గర కట్టే చివరి తీగ మాత్రం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం. గట్టిగా లాగితే తెగుతుంది, కాబట్టి మీరు బొచ్చెను లాగినట్టు లాగకూడదు. చేప చీమను తీసుకునేటప్పుడు పెద్ద చప్పుడేమీ ఉండదు, నీటి మీద చిన్న వలయం లేస్తుంది, అంతే. కర్రను మెల్లగా పైకెత్తితే చాలు.

కష్టమంతా దానికి ముందు ఉంటుంది. ఈ వాగు నిండా నీటి మొక్కలు. వాటి మధ్య నీరు ఒకచోట పరుగెడుతుంది, జానెడు పక్కన నిలబడినట్టుంటుంది. దారం ఒక పాయలో, చీమ ఇంకో పాయలో పడితే చీమ ఈడ్చుకుపోతున్నట్టు కదులుతుంది. చచ్చిన చీమ ఏటికి అడ్డంగా ఈదదని చేపకు తెలుసు. దారం కొంచెం వదులుగా పడేలా వేయాలి, గట్టు మీది చెట్ల కొమ్మల కిందకు వేయాలి. నిజం చీమలు రాలేది అక్కడే కదా. 1950 ప్రాంతంలో విన్సెంట్ మారినారో, చార్లీ ఫాక్స్ అనే ఇద్దరు ఈ వాగు గట్టునే పడుకుని, చేపలు నేల మీది పురుగులను ఎలా తింటాయో గమనించారు. నేను నిలబడే చోటు వాళ్లు చూసిన చోటేనేమో అనిపించి గర్వపడుతుంటాను, కారణమేమీ లేకుండా.

ఇది రెక్కల చీమల కాలం. ఉక్కపోసిన మధ్యాహ్నాల్లో జతకట్టడానికి గుంపులుగా ఎగిరి నీళ్లలో రాలుతాయి. మన ఉసిళ్లు కావవి, ఉసిళ్లు చెదలు, ఇవి నిజంగా చీమలే. అవి రాలే వేళ ట్రౌట్ ఇంకేదీ ముట్టుకోదు. అందుకని అదే చీమకు రెండు పక్కలా వెనక్కి వాలిన రెక్కలు కట్టి పెట్టుకున్నాను.

ఇక్కడి గోధుమ రంగు ట్రౌట్ జాతి ఈ దేశానిది కాదట. 1883లో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో తెచ్చి పెంచారు, ఇక్కడే స్థిరపడిపోయింది. ఈ మాట అమ్మ దగ్గర చదవకండి, వెంటనే నాకు ముడిపెడుతుంది.

"వదిలేసేదానికి పట్టడం ఎందుకు?" అన్నారు. లెటార్ట్‌లో నేను పట్టే మేర నిబంధనే అది, ఫ్లై, అంటే ఇలా చేత్తో కట్టిన పురుగు మాత్రమే వాడాలి, పట్టినది వదలాలి. లైసెన్సు, దాని మీద ట్రౌట్ అనుమతి రెండూ తీసుకున్నాను. గాలం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లును ముందే నొక్కేస్తాను, చేతులు తడుపుకున్నాకే చేపను ముట్టుకుంటాను, లేకపోతే దాని ఒంటి మీది జిగురు పోతుంది. అయినా మీరు ప్రతి ఆదివారం గళ్లనుడికట్టు నింపి ఆ పేపరును పాత కాగితాల్లో వేసేస్తారు. ఎందుకని నేనెప్పుడైనా అడిగానా?

ఒంటరిగా ఉండి ఇలా తయారయ్యానని అమ్మ అత్తయ్యతో అన్నదట. ఒంటరితనం లేదని అబద్ధమాడను. మీతో మాట్లాడి ఫోను పెట్టేశాక ఇంట్లో ఏం చేయాలో కొంతసేపు తోచదు. అప్పుడు వైసు ముందు కూర్చుంటాను. దారం తెగకూడదు, నడుము పూడకూడదు, అంతకుమించి ఆలోచించడానికి చోటుండదు. పూర్తయ్యేసరికి ఆకలి గుర్తొస్తుంది, వండుకుని తింటాను. ఇందులో దిగులుపడేది ఏముంది? పెళ్లి సంగతి సంక్రాంతికి వచ్చినప్పుడు మాట్లాడదాం, అంతవరకు ఫొటోలు పంపవద్దని చెప్పండి.

దీంతోపాటు కట్టిన చీమను ఒకటి పంపిస్తున్నాను, గాలం మొన విరిచేసి అట్టకు గుచ్చాను. చెల్లిని పట్టుకోనివ్వండి, నడుము నలిపేయవద్దని చెప్పండి. కంటి డాక్టరు ఇచ్చిన తేదీ ఏమిటో తిరుగు ఉత్తరంలో రాయండి.

ఇట్లు,
మీ చిన్నవాడు