వార్షిక నివేదిక: వేట నిషేధ వేళ విశాఖ ఫిషింగ్ హార్బర్

సభ్యులందరికీ నమస్కారం.

మన ఫొటోగ్రఫీ సంఘం నెలవారీ పోటీలకు ఏమేం ఫొటోలు వస్తాయో అందరికీ తెలుసు. ఆర్కే బీచ్ సూర్యోదయం, కురుసుర జలాంతర్గామి, అరకు కాఫీ తోట, మళ్లీ సూర్యోదయం. కొత్త సబ్జెక్టు కోసం కొత్త ఊరు వెతకనక్కర్లేదు, తెలిసిన చోటికే ఎవరూ పోని వేళలో పోదామని కార్యవర్గం తీర్మానించి, ఫిషింగ్ హార్బర్‌ను ఎంచుకుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం. వేలంపాటలు, గంపలు లేని హార్బర్‌లో తీయడానికి ఏముంటుందని చాలామంది సభ్యులు ఇల్లు కదల్లేదు. అసలు సరుకంతా అప్పుడే బయటపడుతుంది. మరమ్మతుకు ఒడ్డెక్కించిన బోట్ల అడుగుభాగం, చుక్కాని, ప్రొపెల్లరు కంటికి కనిపిస్తాయి. గీకినచోట పాత రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరొకటి, మధ్యలో ఎండి అంటుకుపోయిన గుల్లలు. చెక్క బోట్లయితే పలకల సందుల్లో మేస్త్రీలు నూలు కూరి సుత్తితో దిగ్గొడుతుంటారు. నీడ దొరికిన ప్రతిచోటా వలలు బాగుచేస్తుంటారు.

అక్కడ పెట్టుకున్న నియమాలు వచ్చే ఏడాదికీ పనికొస్తాయి కాబట్టి రాస్తున్నాం. ఒకే లెన్సు వాడాలి, వంద అడుగుల పరిధి దాటకూడదు, ఇంటికి చేరేదాకా ఏ ఫొటో చెరపకూడదు. అక్కడికక్కడే చెరిపేవాళ్లు అదే ఫ్రేమును మళ్లీ మళ్లీ తీస్తూ ఉండిపోతారు. రంగుపొరలు తీసేటప్పుడు కెమెరాను పలకకు సమాంతరంగా పట్టి ఎపర్చరు (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్/8 పెట్టాలి. కాస్త వాలినా ఒక అంచు మసకబారుతుంది. నల్లటి అడుగుభాగం ఫ్రేము నిండా ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి వెలుతురు ఎక్కువ ఇస్తుంది, ముప్పావు స్టాపు (స్టాపు అంటే వెలుతురు పెంచే, తగ్గించే కొలత) తగ్గించండి. తెల్ల బోటుకు అంతే పెంచండి. వల అల్లే చేతులు స్పష్టంగా రావాలంటే షట్టరు వేగం సెకనులో 250వ వంతు కావాలి. సూది కదలిక గీతలా కనబడాలంటే 30వ వంతు చాలు, మోచేతులు మోకాళ్లకు ఆనించుకోండి. ఉదయం ఏడున్నర దాటితే ఎండ తెల్లబడిపోతుంది. అప్పుడు బోటు కిందికి దూరండి. కాంక్రీటు మీద పడి పైకి లేచే వెలుగు అక్కడ మెత్తగా ఉంటుంది.

గీకుడు పని జరిగే చోట లెన్సు మార్చొద్దు. ఆ రంగుపొడి సెన్సారు మీద కూర్చుంటే ఎఫ్/16 దగ్గర ఆకాశం నిండా మచ్చలే. ఏసీ గది నుంచి తెచ్చిన కెమెరాను అరగంట సంచిలోంచి తీయకండి, ఆవిరి పడుతుంది. డ్రోను ఊసే వద్దు. పక్కనే నౌకాదళ ప్రాంతం ఉంది, తేడా వస్తే సంఘం పేరు పోతుంది. అన్నిటికన్నా ముందు మనుషుల్ని అడిగి తీయండి, తీసిన ఫొటో ప్రింటు వేయించి ఇవ్వండి. మొదటి వారం ప్రింట్లు అందుకున్నవాళ్లే రెండో వారం మనల్ని బోటు మీదికి రానిచ్చారు.

ఈ ఫొటోలతో పెట్టిన ప్రదర్శనే ఈ ఏటి మన గొప్ప. మేస్త్రీలు కుటుంబాలతో వచ్చి, పలక మీది రంగుపొరలు చూసే ఏది ఎవరి బోటో చెప్పేశారు. పోటీ బహుమతులు ఎన్నొచ్చినా ఇంత తృప్తి లేదు.

లోపలికి రానిచ్చిన బోటు యజమానులకు, వడ్రంగులకు, వలలు అల్లేవారికి, ప్రింట్లు తగ్గింపు ధరకు వేసిచ్చిన ల్యాబుకు, తెల్లవారుజామునే కారు తీసిన సభ్యులకు, టీ కొట్టాయనకు ధన్యవాదాలు. అనుమతి కాగితాన్ని బల్ల నుంచి బల్లకు తిప్పి నిషేధ కాలం సగం అయ్యాక చేతికిచ్చిన కార్యాలయానికి కూడా, ఇచ్చింది కాబట్టి, ధన్యవాదాలే. ఫ్రేములు బిగించడానికి వస్తామని వాట్సాప్‌లో బొటనవేళ్లు చూపించిన సభ్యుల్లో వచ్చింది నలుగురు. ఆ నలుగురే రాత్రి ఒంటిగంటదాకా గోడలకు మేకులు కొట్టారు.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం. అద్దాలు పగిలి ఫ్రేముల పద్దు అంచనా దాటింది, సందేహాలుంటే కోశాధికారిని అడగగలరు. చందా బకాయిలు ఈ సమావేశంలోనే కట్టేయండి. వచ్చే ఏడాది హార్బర్ అనుమతికి ఫిబ్రవరిలోనే దరఖాస్తు పెడుతున్నాం, వెంటపడటానికి ఇద్దరు కావాలి. పేర్లు నోటితో చెప్పడం కాదు, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి