డెట్‌లో బి ఎవరు పెట్టారు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లీషు స్పెల్లింగులను వెక్కిరిస్తూ వచ్చిన వ్యాసం చదివి బాగా నవ్వుకున్నాను. పిచ్చివాళ్ల భాష అన్న చోట మాత్రం ఆగిపోయాను. నేను 1971 నుంచి ముప్పై నాలుగేళ్లు మద్రాసు రాయపేట ప్రెస్సుల్లో పనిచేశాను. మొదట అచ్చక్షరాలు పేర్చే కంపోజిటర్ని, తర్వాత ప్రూఫ్ రీడర్ని. ఆ పిచ్చిలో కొంత భాగం మా అచ్చు పనివాళ్లదే కాబట్టి ఈ ఉత్తరం.

మా మనవరాలు ఐదో తరగతి. డిక్టేషన్‌లో డెట్ (debt, అంటే అప్పు) అనే మాట బి లేకుండా రాసిందని అర మార్కు కోశారు. పలకని అక్షరం ఎందుకు రాయాలని అడిగితే, అదంతే, బట్టీ పట్టమన్నారట. నిజానికి ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాన్లో బి లేనే లేదు. లాటిన్‌లో డెబితుమ్ అని ఉంది కదా, ఆ మూలం కనబడాలని తర్వాతి పండితులు తగిలించారు. జనం నోట మాత్రం అది ఎక్కలేదు. ఐలండ్‌లో ఎస్ అయితే శుద్ధ పొరపాటు. అది అచ్చ ఇంగ్లీషు మాట. ఐల్ అనే ఫ్రెంచి మాటకు చుట్టమనుకుని దాని ఎస్ తెచ్చి దీనికి అంటించారు.

గుర్రమెక్కే నైట్ (knight) సంగతి వేరు. దాన్లో కె, జి, హెచ్ ఎవరూ తెచ్చి పెట్టినవి కావు. ఒకప్పుడు క్నిహ్ట్ అని గట్టిగా పలికేవారు. అప్పుడు దానికి అర్థం కుర్రాడనే, వీరుడని కాదు!

ఇక మా వాళ్ల కథ. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రెస్ పెట్టాడు. అప్పటికి ఊరికో ఇంగ్లీషు. 1490లో అచ్చేసిన ఒక పుస్తకం ముందుమాటలో ఆయనే చెప్పాడు: గాలి లేక థేమ్స్ నదిలో ఓడ ఆగిపోతే, ఒక వర్తకుడు ఒడ్డునున్న ఇంటికి వెళ్లి ‘ఎగ్స్’ అడిగాడు. నాకు ఫ్రెంచి రాదు పొమ్మంది ఇల్లాలు. ఇంకొకడు ‘ఐరెన్’ అంటే అర్థమైంది. రెండూ గుడ్లే. ఇందులో ఏది అచ్చువేయాలని ఆయన తల పట్టుకున్నాడు. శ్రీకాకుళం రచయిత ప్రూఫూ, నెల్లూరు రచయిత ప్రూఫూ ఒకే పూట దిద్దినవాణ్ణి, నాకు తెలుసు ఆ బాధ.

లైను నిండకపోతే మేం మాటల మధ్య స్పేసు ముక్కలు దూర్చేవాళ్లం. స్పెల్లింగుకి కట్టుబాటు లేని ఆ రోజుల్లో వాళ్లు మాట చివర ఒక ఇ చేర్చో, హల్లును రెట్టించో కూడా సర్దేసేవారు.

అసలు చిక్కు ఏమిటంటే, అచ్చులో స్పెల్లింగు కుదురుకుంటున్న రోజుల్లోనే జనం పలికే తీరు మారిపోయింది. సుమారు 1400, 1700 మధ్య దీర్ఘాచ్చులు పలికే తీరంతా మారింది. ‘నామ’ నేమ్ అయింది, ‘హూస్’ హౌస్ అయింది, ‘బీట’ బైట్ అయింది. రాత మాత్రం పాతదే ఉండిపోయింది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చాక కదిలించడం ఇంకా కష్టమైంది. అమెరికాలో నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ కలర్‌లో యు తీయించగలిగాడు గానీ, నాలుక అనే అర్థమున్న tongue ని పలికినట్టే tung అని రాయమంటే ఎవరూ వినలేదు.

మనమేం తక్కువ తినలేదు. నేను పనిలో చేరినప్పుడు టైపు కేసులో, అంటే అచ్చక్షరాల పెట్టెలో, అరసున్నకీ, బండి ఱకీ గళ్లుండేవి. పాత కావ్యాలకి ‘వాఁడు’, ‘తెఱ’ అని పేర్చేవాళ్లం. అలా పలికేవాణ్ణి నేను చూడలేదు. గిడుగు రామమూర్తి గారి లాంటివాళ్లు వాడుక భాష కోసం పోరాడబట్టి క్రమంగా ఆ గళ్లలో దుమ్ము చేరింది.

టీచర్లకు మనవి ఒక్కటే. మార్కు కోయండి, కాదనను. కోశాక ఆ బి ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు నిమిషాలు చెప్పండి. మా పాపకి గుడ్ల కథ చెప్పాను, మూడుసార్లు చెప్పించుకుంది.

ఇంకొకటి, పాత అలవాటు కొద్దీ. వ్యాసం మూడో కాలమ్‌లో ‘ఉచ్ఛారణ’ అని పడింది. అక్కడ చకి చ ఒత్తే. ఎవరో పండితుడనిపించుకోవడానికి ఛ తగిలించినట్టున్నారు.

ఇట్లు,
ఒక పాత ప్రూఫ్ రీడర్,
పెరంబూర్, చెన్నై